స్టేషన్ మాస్టర్‌ని అడిగే పనిముట్టు

పదమూడు నిలువు వరుసలున్న ఒక పట్టిక గురించి ఈ వ్యాసం. నల్లటి తెర మీద 'క్యూబ్‌సీటీఎల్ డీఎఫ్-పీవీ' అని కొట్టి ఎంటర్ నొక్కితే కొద్ది సెకన్లలో వచ్చి నిలబడుతుంది. బొమ్మల్లేవు, గ్రాఫుల్లేవు. అడ్డంగా ఒక్కో వరుసకు ఒక్కో నిల్వ. దాని పేరేమిటి, ఎవరు వాడుతున్నారు, ఏ యంత్రం మీద ఉంది, ఎంత పెద్దది, ఎంత నిండింది, ఎంత మిగిలింది. అంతే. మూడేళ్లుగా వాడుతున్నాను. ఈ మధ్య దాని సోర్సు కోడు తెరిచి చదివాక, ఇంత చిన్న వస్తువులో ఇంత పొందిక ఎలా కుదిరిందో నలుగురికీ చెప్పాలనిపించింది.

ఈ రంగంతో సంబంధం లేనివాళ్ల కోసం ముందు నాలుగు మాటలు. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇప్పుడు ఒకే కంప్యూటర్ మీద ఒకే ముద్దగా నడవడం తక్కువ. ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ దానికి కావలసిన సరంజామాతో సహా ఒక పెట్టెలో సర్దుతారు. అదే కంటైనర్. వందల పెట్టెలు, పదుల కంప్యూటర్లు. ఏ పెట్టె ఏ కంప్యూటర్ మీద నడవాలో, ఒకటి చచ్చిపోతే ఇంకొకటి ఎక్కడ లేపాలో చూసుకునే మేస్త్రీ పేరు కుబర్నెటీస్. గూగుల్ ఇంజనీర్లు 2014 జూన్‌లో బయటపెట్టారు, 2015 జులైలో 1.0 వచ్చింది. గ్రీకులో ఆ మాటకి చుక్కాని పట్టేవాడని అర్థం. మన తీరంలో అయితే సరంగు అనేవాళ్లం. ఆ సరంగుకి ఆజ్ఞలు చెప్పే కమాండే క్యూబ్‌సీటీఎల్. దీన్ని క్యూబ్ కంట్రోల్ అనేవాళ్లున్నారు, క్యూబ్ కటిల్ అనేవాళ్లున్నారు. ఆ తగవు ఇప్పట్లో తీరేది కాదు కనక నాకు అలవాటైన పేరే వాడుతున్నాను.

కంటైనర్ చచ్చి మళ్లీ పుడితే పాత జ్ఞాపకం ఉండదు. డేటాబేస్‌కి అలా కుదరదు. అందుకని పెట్టె బయట, పెట్టె పోయినా పోని డిస్కు ఒకటి కేటాయిస్తారు. అది పర్సిస్టెంట్ వాల్యూమ్, పొట్టిగా పీవీ. ఫలానా అంత చోటు కావాలని పెట్టుకునే అర్జీ పీవీసీ. మా ఊళ్లో పీవీసీ అంటే బోరు పైపు. ఇంట్లో ఫోన్లో మాట్లాడేటప్పుడు "పీవీసీ నిండిపోయింది" అంటే మా అమ్మ మోటారు కట్టేసిన రోజులున్నాయి.

మా ఊరు కొత్తవలస. హౌరా-చెన్నై మెయిన్ లైను మీద విజయనగరానికీ విశాఖకీ మధ్య జంక్షను. ఇంటి నుంచే పని. నేను చూసే క్లస్టర్ ఎక్కడో ముంబైలో ఉంది. నలభై నోడ్లు, అంటే నలభై కంప్యూటర్లు. వాటికి తగిలించిన డిస్కులు రెండువందల చిల్లర. కుబర్నెటీస్‌లో 'గెట్ పీవీ' అని అడిగితే ఆ రెండువందలూ జాబితాగా వస్తాయి. ఒక్కోదాని పేరు, సామర్థ్యం, ఎవరి అర్జీ మీద ఇచ్చారు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది. కానీ ఎంత నిండిందో ఉండదు. అది పట్టాదారు పాసు పుస్తకం లాంటిది. ఎకరాలు, సెంట్లు, సర్వే నంబరు అన్నీ ఉంటాయి, చేలో పంట ఎంతుందో ఉండదు. పోనీ 'టాప్' అనే ఇంకో ఆజ్ఞ ఉంది కదా అంటే, అది ప్రాసెసరు, మెమరీ చెప్పి ఊరుకుంటుంది. డిస్కు ఊసెత్తదు. పదేళ్లు దాటిన వ్యవస్థలో, రోజూ అందరికీ అవసరమయ్యే ఈ ఒక్క ప్రశ్నకి సొంత జవాబు లేకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

జవాబు లేకపోతే ఏమవుతుందో ఒక శనివారం రాత్రి తెలిసింది. ఆ క్లస్టర్‌లో ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఆగిపోయింది. లాగ్‌లో ఒకే వాక్యం, 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్'. పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునీ ముందు ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టా రాయడానికి చోటు లేకపోతే అబద్ధం ఆడడం కంటే చచ్చిపోవడం మేలనుకుని ఆగిపోతుంది. మంచి గుణమే, కానీ రాత్రి పదకొండింటికి ఆ గుణాన్ని మెచ్చుకునే ఓపిక ఎవరికీ ఉండదు. ఆ డిస్కు నిండుతూ ఉందని నెలరోజులుగా ఎవరం చూడలేదు. చూసే అలవాటు లేదు, ఎందుకంటే చూడడం కష్టం.

ఎంత కష్టమో చెప్తాను. అప్పటిదాకా మా పద్ధతి, ఒక్కో పాడ్ లోపలికీ దూరి, అక్కడ 'డీఎఫ్' కొట్టడం. పాడ్ అంటే ఒకటో రెండో కంటైనర్లున్న గది. డీఎఫ్ చాలా పాతది. 1971 నవంబర్ 3 తేదీతో ఉన్న మొట్టమొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే ఉంది. డిస్కులో ఖాళీ ఎంతో చెప్పడమే దాని పని. దానికి కవల అనదగ్గది డీయూ. అది ఒక్కో ఫైలునీ పట్టి చూసి కూడుతుంది కాబట్టి పెద్ద డిస్కు మీద నిమిషాలు పడుతుంది. డీఎఫ్ ఫైళ్ల జోలికి పోదు. ఫైల్‌సిస్టమ్ తన దగ్గర ఎప్పుడూ రాసి పెట్టుకునే మొత్తం లెక్కని అడిగి తెచ్చేస్తుంది. యాభై ఏళ్ల కిందటి ఆ తెలివే ఈ కథకి మూలం, తర్వాత మళ్లీ వస్తాను.

ఆ శనివారం మర్నాడు పొద్దున్న కూర్చుని ఒక్కో పాడ్‌లోకీ వెళ్లడం మొదలుపెట్టాను. కొన్నింట్లో డీఎఫ్ ఉంది. కొన్నింట్లో లేదు. భద్రత కోసం ఇప్పుడు కంటైనర్లని ఉత్త ప్రోగ్రాముతోనే కడుతున్నారు, ఆజ్ఞలు కొట్టే షెల్లు కూడా ఉంచరు. అలాంటి గదిలోకి వెళ్లడానికి తలుపే లేదు. కొన్నింటికి నాకు అనుమతి లేదు. వెళ్లగలిగిన చోట కూడా డీఎఫ్ పది పదిహేను వరుసలు కక్కుతుంది, అందులో మనకి కావలసిన డిస్కు ఏదో వెతుక్కోవాలి. మధ్యాహ్నానికి యాభై దాటలేదు.

మా పెదమావయ్య పక్కింట్లోనే ఉంటారు. కొత్తవలస స్టేషన్లో చాలాకాలం పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం భోజనానికి వచ్చి నా వెనక నిలబడి కాసేపు చూశారు.

"ఏటిరా అల్లుడూ, పొద్దున్నుంచీ అదే కొడతన్నావు?"

"ఒక్కోదాంట్లోకీ వెళ్లి ఎంత నిండిందో చూస్తున్నా మావయ్యా. రెండువందలున్నాయి."

"ఒక్కోదాంట్లోకీ నువ్వెందుకెల్లడం? అక్కడ మనిషి లేడేటి?"

ఆయన లెక్క ఆయనది. కొత్తవలస నుంచి కొండల మీదుగా కిరండూల్ దాకా వెళ్లే లైను ఉంది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి ఎగుమతి చేయడానికి 1960ల్లో వేశారు. సుమారు 445 కిలోమీటర్లు. మల్లివీడు, లక్కవరపుకోట, శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు, ఆపైన కొరాపుట్, జగదల్‌పూర్. మావయ్య పనిచేసిన రోజుల్లో ఇన్ని స్టేషన్లలో ఏ బండి ఎక్కడుందో, ఏ లూపులో ఎన్ని పెట్టెలు ఆగి ఉన్నాయో వాల్తేరులో కంట్రోల్ ఆఫీసులో కూర్చున్న కంట్రోలర్‌కి తెలియాల్సి ఉండేది. కంట్రోలర్ బండెక్కి తిరిగేవాడు కాదు. ఆయన ముందు ఫోనుండేది, కాగితం మీద గీతలు గీసిన చార్టు ఉండేది. ఒక్కో స్టేషన్ మాస్టర్నీ అడిగేవాడు, రాసుకునేవాడు.

"బొడ్డవరలో ఎన్ని పెట్టెలున్నాయో తెలాలంటే బండెక్కి బొడ్డవర ఎల్తామేటి? పోనెత్తితే ఆ మాస్టరే సెప్తాడు. ఆడికి ముందే తెలుసు గదా. ఆడి పనే అది."

ఆ మాట విన్నప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. సాయంత్రం తోటి ఉద్యోగి ఒకరు డీఎఫ్-పీవీ పేరు చెప్పారు. వేసుకుని నొక్కాను. పొద్దున్నుంచీ నేను సగం కూడా చేయలేని పని కాఫీ చల్లారేలోపు, ఇంకా చెప్పాలంటే కాఫీ కప్పు ఎత్తేలోపు తెర మీద ఉంది. ఎలా చేసిందో తెలుసుకున్నాక మావయ్య గుర్తొచ్చారు. అది ఏ పాడ్‌లోకీ దూరలేదు. స్టేషన్ మాస్టర్లని అడిగింది.

కుబర్నెటీస్‌లో ప్రతి నోడ్ మీదా క్యూబ్‌లెట్ అని ఒక కాపలాదారు ఉంటాడు. ఆ నోడ్ మీద పాడ్లని లేపేదీ, డిస్కులు తగిలించేదీ, ఎవరు బతికున్నారో పైకి చెప్పేదీ వాడే. తన దగ్గర ఉన్న పాడ్లకి తగిలించిన డిస్కుల్లో ఎంత నిండిందో కూడా వాడు మామూలుగా నిమిషానికోసారి లెక్క తీసి ఉంచుకుంటాడు. అది తీసే పద్ధతి డీఎఫ్ పద్ధతే. ఫైళ్లని తడమకుండా ఫైల్‌సిస్టమ్‌ని మొత్తం లెక్క అడగడం. క్లౌడ్ కంపెనీల డిస్కులైతే వాటి డ్రైవర్‌ని అడుగుతాడు, ఆ డ్రైవర్లు అడిగితే జవాబు చెప్పే ఒక ఒప్పందం ప్రకారం రాసి ఉంటాయి. ఇలా తీసిన లెక్కంతా 'స్టాట్స్ సమ్మరీ' అనే చిరునామా దగ్గర సిద్ధంగా ఉంటుంది. అడిగినవాళ్లకి ఇస్తాడు. ఏళ్ల తరబడి ఇస్తూనే ఉన్నాడు. అడిగేవాళ్లే తక్కువ.

ఈ పనిముట్టు రాసిన ప్రోగ్రామర్ యష్ భుట్వాలా ఆ సంగతి చూసి, దాని చుట్టూ సరిగ్గా కావలసినంతే కట్టారు. కోడు గో భాషలో ఉంది. ఒక మధ్యాహ్నంలో చదివేయొచ్చు. ముందు నోడ్ల జాబితా అడుగుతుంది. తర్వాత క్లస్టర్ ప్రధాన ద్వారం గుండానే ఒక్కో నోడ్ క్యూబ్‌లెట్‌కీ కబురు పంపుతుంది, ఒకదాని తర్వాత ఒకటి కాకుండా అన్నిటికీ ఒకేసారి. వాల్తేరు కంట్రోలర్‌కి ఈ సౌకర్యం ఉండేది కాదు, పాపం. ఒకే లైను మీద అందరూ ఉండేవారు, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగాల్సి వచ్చేది. ఇక్కడ నలభై మందీ ఒకేసారి జవాబిస్తారు కనక అన్నిటికన్నా నెమ్మదైన నోడ్‌కి ఎంతసేపు పడితే మొత్తానికి అంతసేపు.

వచ్చే జవాబు చిన్నది కాదు. ఒక్కో క్యూబ్‌లెట్ గంపెడు పంపుతాడు. ప్రాసెసరు వాడకం, మెమరీ, నెట్‌వర్క్‌లో వచ్చినవీ పోయినవీ, తాత్కాలిక నిల్వలు, రహస్యాలు దాచే బుల్లి వాల్యూములు, ఇంకా ఏవేవో. డీఎఫ్-పీవీ దాన్ని చేటలో పోసి చెరుగుతుంది. ఒక వాల్యూముకి పీవీసీ పేరు తగిలించి ఉంటేనే గింజ, లేకపోతే పొట్టు. గింజలకి మాత్రం పీవీ పేరు ఏదో ఇంకోసారి అడిగి తెలుసుకుని, పట్టికలో నింపుతుంది. రాసినవాడికి ఆశ పుట్టడానికి ఇక్కడ ఎంత చోటుందో ఆలోచించండి. మెమరీ కూడా చేతిలోకి వచ్చేసింది, చూపిస్తే ఏం పోయింది? నెట్‌వర్క్‌కి కూడా ఒక నిలువు వరుస పెడితే? పెట్టలేదు. పేరులో ఉన్న పనికి ఒక్క అంగుళం బయటికి వెళ్లలేదు.

కొలతల దగ్గర చూపిన శ్రద్ధ నాకు ఇంకా ఇష్టం. డిస్కు కొలతల్లో ఒక పాత గందరగోళం ఉంది. గిగాబైట్ అంటే నూరు కోట్ల బైట్లని డిస్కు అమ్మేవాడి లెక్క. కంప్యూటర్‌కి రెట్టింపులే తెలుసు, దానికి 1024 చొప్పున మూడుసార్లు గుణిస్తే వచ్చే 107 కోట్ల పైచిలుకు. ఈ రెండోదాన్ని వేరుచేయడానికి జిబిబైట్ అనే పేరు పెట్టారు. పట్టికలో ఒక వరుస ఒక లెక్కలో, ఇంకో వరుస ఇంకో లెక్కలో వస్తే ఏడు శాతం తేడా కనిపించకుండా నడుస్తుంది. డీఎఫ్-పీవీ అన్నిటినీ రెట్టింపుల లెక్కలోకే మార్చి చూపిస్తుంది.

రెట్టింపుల లెక్క మనకి కొత్తదేం కాదు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కుంచానికి అరవైనాలుగు గిద్దలు. మా అమ్మమ్మ కళ్లంలో కుంచం పట్టుకుని ఆరుసార్లు రెట్టింపు చేసిన సంఖ్యనే కొలిచింది, ఆమెకి ఆ సంగతి తెలియదు. ఎప్పుడైనా సగం చేయగలిగే కొలతే చేతికి సులువు. పదితో భాగించడం కాగితానికి సులువు. కంప్యూటర్ ఈ విషయంలో అమ్మమ్మ పక్షం.

కళ్లం అంటే తరుగు కూడా గుర్తొస్తుంది. పది జిబిబైట్లు కావాలని అర్జీ పెట్టినవాడికి పట్టికలో తొమ్మిది పాయింట్ ఏడో ఎనిమిదో కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లు ప్రతి ఒక్కరూ ఒకసారి అడుగుతారు, మిగతాది ఎవరు తిన్నారని. ఎవరూ తినలేదు. డిస్కుని ఫార్మాట్ చేసినప్పుడు ఫైల్‌సిస్టమ్ తన చిట్టాల కోసం కొంత చోటు ముందే పట్టుకుంటుంది. మామూలు లినక్సు యంత్రం మీద ఎక్స్ట్4 ఫైల్‌సిస్టమ్ యజమాని కోసం మరో 5 శాతం పక్కన పెడుతుంది, కుబర్నెటీస్ ఫార్మాట్ చేసేటప్పుడు ఆ తరుగుని మాత్రం సున్నా చేస్తుంది. డీఎఫ్-పీవీ అర్జీలో రాసిన పదిని చూపించి మనసు నెమ్మది పరచదు. నిజంగా చేతికొచ్చినంతే చూపిస్తుంది.

ఇక చివరి మూడు నిలువు వరుసలు. వీటి కోసమే ఈ పనిముట్టుని ఎవరికైనా సిఫారసు చేస్తాను. ఐయూజ్డ్, ఐఫ్రీ, ఐయూజ్డ్ శాతం. ఐ అంటే ఐనోడ్. ప్రతి ఫైలుకీ ఫైల్‌సిస్టమ్ రిజిస్టర్లో ఒక గీత కావాలి. ఆ గీతే ఐనోడ్. పార్సెల్ ఆఫీసులో గదినిండా చోటున్నా, రిజిస్టర్లో రాయడానికి గీతలు అయిపోతే ఇంకో మూట తీసుకోడానికి లేదు. ఎక్స్ట్4 మామూలుగా 16,384 బైట్లకి ఒక ఐనోడ్ చొప్పున ఫార్మాట్ రోజునే గీతలు గీసేస్తుంది, డిస్కు పెద్దది చేయకుండా తర్వాత పెంచలేం. పది జిబిబైట్ల డిస్కుకి 6,55,360 గీతలు. సగటున 16 కిలోబైట్లు మించిన ఫైళ్లు పెట్టేవాళ్లకి చోటే ముందు అయిపోతుంది. రెండేసి కిలోబైట్ల బుల్లి ఫైళ్లు లక్షల్లో పోసేవాళ్లకి గీతలు ముందు అయిపోతాయి. అప్పుడు వచ్చే తప్పు సందేశం కూడా అదే, 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్'. చూస్తే డిస్కులో ముప్పాతిక ఖాళీ.

నేను ఇందులో ఒక పగలంతా పోగొట్టుకున్నాను. ఒక సెషన్ కాష్ ఆగిపోయింది. డిస్కు పెద్దది చేశాను, పనిచేసింది, నాలుగు రోజులకి మళ్లీ ఆగింది. పెద్దది చేస్తే ఎక్స్ట్4 కొత్త చోటుకి కొత్త గీతలు గీస్తుంది కనక ఊపిరి వచ్చిందని తర్వాత తెలిసింది. పైగా పెంచిన పీవీసీని మళ్లీ తగ్గించడానికి కుబర్నెటీస్ ఒప్పుకోదు. ఆ రోజు డీఎఫ్-పీవీ పట్టికలో చివరి నిలువు వరుస చూసి ఉంటే 100 శాతం అని కనబడేది. ఇలాంటి వరుస పెట్టాలని ఎవరికి తోస్తుంది? ఒకసారి దెబ్బ తిన్నవాళ్లకి తోస్తుంది. పాత డీఎఫ్‌లో ఐనోడ్ల లెక్క కావాలంటే వేరే మీట నొక్కాలి, ఇక్కడ అడక్కుండానే పక్కన కూర్చుని ఉంది.

ఎంత నిండిందన్నదాన్ని బట్టి రంగు మారుతుంది. ఒక్క ప్రాజెక్టు నిల్వలే కావాలంటే ఆ నేమ్‌స్పేస్ పేరు చెప్తే చాలు. ఇవి బాగున్నాయి, చాలా పనిముట్లలో ఉంటాయి కూడా, వదిలేస్తాను.

అది క్యూబ్‌సీటీఎల్‌లో ఇమిడిన తీరు మాత్రం చెప్పాలి. క్యూబ్‌సీటీఎల్ రాసినవాళ్లు ప్లగిన్ల కోసం పెద్ద యంత్రాంగం పెట్టలేదు. 'క్యూబ్‌సీటీఎల్' అనే పేరుతో మొదలై, అడ్డగీత, తర్వాత ఏదో పేరు ఉన్న ప్రోగ్రాము మీ కంప్యూటర్ ప్రోగ్రాముల కోసం వెతికే దారిలో ఎక్కడున్నా అది తన సొంత ఆజ్ఞ అయినట్టే పిలుస్తుంది. చిక్కల్లా ఒకటే. డీఎఫ్-పీవీ పేరు మధ్యలోనే అడ్డగీత ఉంది, ఆ అడ్డగీతని కొత్త ఉపఆజ్ఞ అనుకుంటుంది. అందుకని ఫైలు పేరులో దాన్ని కిందిగీతగా మార్చాలని నియమం. మనం కొట్టేటప్పుడు అడ్డగీత, లోపల కిందిగీత. తెచ్చుకోడానికి 'క్రూ' అనే ప్లగిన్ల కొట్టు ఉంది, ఒక్క లైనుతో దిగుతుంది. క్లస్టర్ లోపల ఏదీ పాతక్కర్లేదు. ఏ సర్వరూ పెట్టక్కర్లేదు. మన యంత్రం మీద ఒక ఫైలు, మన దగ్గర ఇప్పటికే ఉన్న తాళం. పని అయ్యాక క్లస్టర్‌లో దాని జాడే ఉండదు.

తాళం అన్నాను కదా, అక్కడే ఈ పనిముట్టు మీద నా మొదటి ఫిర్యాదు. క్యూబ్‌లెట్‌ని ప్రధాన ద్వారం గుండా అడగాలంటే 'నోడ్స్ ప్రాక్సీ' అనే అనుమతి కావాలి. అది ఒక్క గది తాళం కాదు, గుత్తి. డిస్కు లెక్క అడగడానికి ఇచ్చిన ఆ అనుమతితోనే క్యూబ్‌లెట్ చేత ఇంకా చాలా పనులు చేయించొచ్చు, కంటైనర్లలో ఆజ్ఞలు నడిపించడం దాకా. కుబర్నెటీస్ పత్రాలే దీని గురించి హెచ్చరిస్తాయి. తప్పు డీఎఫ్-పీవీది కాదు, తలుపు అలా కట్టారు. కానీ కొత్త కుర్రాడికి "నువ్వు కూడా చూసుకో" అని గుత్తి ఇచ్చేయకండి. నిర్వాహకుల చేతిలోనే ఉండాల్సిన పనిముట్టు ఇది.

రెండోది, ఇది ఆ క్షణం సంగతే చెప్పే మనిషి, నిన్నటిది చెప్పదు, రేపటిది చెప్పదు. ఒక డిస్కు రోజుకి ఎంత చొప్పున నిండుతోంది, ఎన్నాళ్లలో అయిపోతుంది అనేదానికి ప్రొమీథియస్ లాంటి కొలతల గుమాస్తా ఉండాలి. క్యూబ్‌లెట్ ఇవే లెక్కల్ని దానికీ ఇస్తాడు. రాత్రి పదకొండింటికి మనిషిని నిద్ర లేపే గంట అక్కడ కట్టాలి. డీఎఫ్-పీవీతో గంట కట్టబోయినవాళ్లని చూశాను, అయిదు నిమిషాలకోసారి నడిపించి పట్టిక చదివించడం. కొడవలితో గడ్డం గీసుకున్నట్టుంటుంది.

ఇంకొన్ని చోట్ల కన్ను మోసపోతుంది. ఒకే డిస్కుని నాలుగు పాడ్లు పంచుకుంటే నాలుగు వరుసలొస్తాయి, కూడితే నాలుగింతలు. నెట్‌వర్క్ మీదుగా నిల్వ పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వరు మీద అయిదు జిబిబైట్ల అర్జీ పెట్టినా, ఫైల్‌సిస్టమ్ చెప్పేది సర్వరు మొత్తం లెక్క కాబట్టి పట్టికలో రెండు టెరాబైట్లు కనిపించొచ్చు. అది చూసి మురిసిపోకూడదు. నోడ్ సొంత డిస్కు మీది హోస్ట్‌పాత్ వాల్యూములకి క్యూబ్‌లెట్ అసలు లెక్కే తీయడు. ఫైల్‌సిస్టమ్ లేకుండా ముడి డిస్కుగా ఇచ్చినదాంట్లో ఎంత నిండిందో తెలిసే దారే లేదు. స్టేషన్ మాస్టర్‌కి తెలియనిది కంట్రోలర్‌కి తెలియదు.

అన్నిటికన్నా పెద్ద లోటు మాత్రం నేను కనిపెట్టింది కాదు. పట్టిక మొదటిసారి వచ్చిన ఆ సాయంత్రమే మావయ్యని పిలిచి చూపించాను. కళ్లజోడు సర్దుకుని వరుసలు చదివారు. ఇంగ్లీషు పేర్లు ఏవీ అర్థం కాకపోయినా పట్టిక చదవడం ఆయనకి కొత్త కాదు. ఏ నోడ్, ఏ పాడ్, ఎంత, ఎంత మిగిలింది, వేలితో అడ్డంగా జరుపుకుంటూ వెళ్లారు.

"బాగుందిరా. ఇదంతా బండికి తగిలించిన పెట్టెల లెక్క గదా?"

"అవును మావయ్యా."

"మరి బండికి తగిలించనివో? సైడింగులో ఒగ్గేసినవి?"

నాకు వెంటనే జవాబు రాలేదు. ఆయనన్నది నిజం. క్యూబ్‌లెట్‌కి తెలిసేది తన నోడ్ మీద నడుస్తున్న పాడ్‌కి తగిలించిన డిస్కే. ఏ పాడూ వాడని డిస్కు ఏ క్యూబ్‌లెట్ లెక్కలోనూ ఉండదు, కనక డీఎఫ్-పీవీ పట్టికలోనూ ఉండదు. అలాంటివి ఎలా మిగులుతాయంటే, డేటాబేస్ లాంటి వాటిని నడిపే స్టేట్‌ఫుల్‌సెట్‌ని తీసేసినా దాని పీవీసీలు మామూలుగా అలాగే ఉంటాయి. పొరపాటున తీసేస్తే డేటా పోకూడదని కావాలనే అలా పెట్టారు. 'రిటెయిన్' అని రాసిన పీవీలైతే అర్జీదారు పోయినా డిస్కు పోదు, 'రిలీజ్డ్' అనే ముద్రతో పడి ఉంటుంది. మనుషులు మర్చిపోతారు, బిల్లు మర్చిపోదు. ఈ డిస్కులన్నీ నెలవారీ అద్దెకి తీసుకున్నవే.  

వాడని డిస్కు ఎంత నిండిందో తెలియదు సరే, అది ఉందని తెలియడానికి మాత్రం దారి ఉంది. 'గెట్ పీవీ' ఇచ్చే పాసు పుస్తకం జాబితా ఒక పక్క, డీఎఫ్-పీవీ జాబితా ఇంకో పక్క పెట్టి, మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనివి తీయాలి. రెండిట్లోనూ పీవీ పేరు మొదటి నిలువు వరుసలోనే ఉంది, కనక యూనిక్స్‌లో మూడు ఆజ్ఞలు గొలుసుగా కడితే చాలు. ఆ సాయంత్రం మావయ్య ఎదురుగానే కట్టాను. హోస్ట్‌పాత్ లాంటివి ఏరేశాక పంతొమ్మిది మిగిలాయి. ఒక్కోటీ ఎవరిదో కనుక్కోడానికి వారం పట్టింది. ఎనిమిదింటిని వాళ్ల యజమానులు ఉంచమన్నారు. పదకొండింటికి యజమానులే లేరు. అందులో అన్నిటికన్నా పాతదానికి అప్పటికి రెండేళ్ల నాలుగు నెలలుగా అద్దె కడుతున్నారు.